సీఎన్‌సీ దించే ముందు ఎర్తింగ్ కొలిపించండి

సంపాదకులకు,

అయ్యా,

గాజులమండ్యం, రేణిగుంట, చిత్తూరు వైపు చిన్న వర్క్‌షాపుల వాళ్లు కూడా సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) మిల్లింగ్ మిషన్లు దించుకుంటున్నారు. మిషనుకు లక్షలు పోసినవాళ్లే కరెంటు పని దగ్గరికొచ్చేసరికి పాత లేతుకు లాగినట్టు మూడు వైర్లు లాగించి ఊరుకుంటున్నారు. డ్రైవు (మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్) కాలాక తప్పు మిషనుదంటారు, లేదంటే సప్లైదంటారు. విప్పి చూస్తే ఎక్కువగా బయటపడేది ఎర్తింగ్ లోపం, అంటే మిషను బాడీని నేలకు కలిపే వైరింగులో లోపం.

ముందు నేమ్‌ప్లేటు చదవాలి. 15 కేవీఏ (కరెంటు లాగే సామర్థ్యం) మిషను 415 వోల్టుల త్రీఫేజు మీద దాదాపు 21 ఆంపియర్లు లాగుతుంది. అదే 15 కేవీఏ 220 వోల్టులదైతే 39 ఆంపియర్లు. విదేశీ సెకండ్‌హ్యాండ్ మిషను మీద 220 అని కనపడగానే ఇంటి కరెంటే కదా అని ఒక ఫేజు, న్యూట్రల్ ఇవ్వబోయేవాళ్లున్నారు. చాలావాటిలో అది 220 త్రీఫేజు. దానికి స్టెప్‌డౌన్ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, సెకండరీ స్టార్ పాయింటును (మిషను వైపు మూడు వైండింగులూ కలిసే చోటును) ఎర్త్ చేయాలి. 415 మిషనుకు 32 ఆంపియర్ల డీ కర్వ్ ఎంసీబీ (స్టార్టింగ్ కరెంటుకు ఊరికే పడిపోని బ్రేకరు), 10 చదరపు మిల్లీమీటర్ల నాలుగు కోర్ల రాగి కేబులు వేయండి. లెక్క ప్రకారం 6 చాలు గానీ, మన రేకుల షెడ్ల కింద ఎండాకాలం వేడికి కేబులు మోసే కరెంటు తగ్గిపోతుంది. చాలా మిషన్లకు న్యూట్రల్ అక్కర్లేదు కాబట్టి నాలుగో కోరు ఎర్త్‌కే. కేబులు చివర తొడిగే లగ్గులు క్రింపింగ్ టూలుతోనే నొక్కాలి. కటింగ్ ప్లేయరుతో నలిపిన లగ్గు నెలరోజుల్లో వదులై నల్లబడుతుంది.

ఇక ఎర్త్. న్యూట్రల్ నుంచే ముక్క వైరు తీసి బాడీకి కలిపి 'ఎర్త్ ఇచ్చేశాం' అనేవాళ్లతో జాగ్రత్త. వెనక ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే మిషను బాడీకే కరెంటు వస్తుంది. కొందరు దీనికి విరుగుడుగా మిషనుకు విడిగా ఎర్త్ గుంత తవ్వించి, షెడ్డు ఎర్త్‌తో కలపకుండా వదిలేస్తారు. అదీ ప్రమాదమే. ఆ గుంత 6 ఓములు ఉందనుకోండి, ఫేజు బాడీకి తగిలినప్పుడు 240 వోల్టులకు పారేది మహా అయితే 40 ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఎంసీబీ దానికి గంటైనా ట్రిప్ అవ్వకపోవచ్చు. అంతసేపూ బాడీ షాకు కొడుతూనే ఉంటుంది. విడి గుంత మంచిదే, కానీ దాన్ని మెయిన్ ఎర్త్ బారుకు రాగి వైరుతో కలిపి తీరాలి. ఎర్త్ టెస్టరులో 1 ఓము లోపు, మల్టీమీటరులో న్యూట్రల్–ఎర్త్ మధ్య 2 వోల్టుల లోపు వస్తే నిశ్చింత. కొండ కింది రాతినేలల్లో ఒక్క గుంతతో అంత రాదు, రెండో మూడో తవ్వి కలపాల్సిందే.

కూలెంట్ పంపు తిరగబడి తిరిగితే రెండు ఫేజులు మార్చండి. టూలును తిప్పే స్పిండిల్ సరిగ్గా తిరుగుతోంది కదా అని వదిలేయొద్దు. దానికి డ్రైవు ఉంటుంది కాబట్టి ఫేజు వరుసతో పనిలేదు. డ్రైవుల ఫిల్టర్ల లీకేజీకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి కరెంటు లీకైతే ఆపేసే బ్రేకరు) ఊరికే ట్రిప్ అవుతుంది. దాన్ని బైపాస్ చేయడం కాదు, మాన్యువల్‌లో చెప్పిన రకం వేయాలి. వెల్డింగ్ సెట్టును అదే లైను మీద పెడితే సర్వో స్టెబిలైజరున్నా లాభం లేదు. అది తిరిగి సర్దుకునేలోపే అండర్‌వోల్టేజ్ అలారం వచ్చేస్తుంది.

మెయిన్ ఆపగానే ప్యానెల్లో చెయ్యి పెట్టకండి. డ్రైవు కెపాసిటర్లలో 580 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూశాకే ముట్టుకోవాలి.

మిషన్లు అమ్మేవారికి మా విన్నపం: కేవీఏ, వోల్టేజీ, ఎర్త్ వివరాల కాగితం అడ్వాన్సు తీసుకోకముందే ఇవ్వండి. యజమానులు కూడా ఎర్త్ రీడింగు, న్యూట్రల్–ఎర్త్ వోల్టేజీ తేదీతో రాయించుకున్నాకే వైరింగ్ బిల్లు కట్టండి. వానాకాలంలో కొలిచిన రీడింగును నమ్ముకోకుండా నేల ఎండే మే నెలలో మళ్లీ కొలిపించండి.

ఇట్లు,
కొందరు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ టెక్నీషియన్లు,
రేణిగుంట, తిరుపతి జిల్లా.