‘వీగన్’ నోటుపుస్తకం దేనితో చేశారో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య విజయవాడ స్టేషనరీ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ‘వీగన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘ఒక్క చెట్టూ కొట్టలేదు’ అని రాసి ఉన్న నోటుపుస్తకాలు కనబడుతున్నాయి. మామూలు పుస్తకం కంటే రేటు బాగా ఎక్కువ. పర్యావరణం మీద ప్రేమతోనే జనం కొంటున్నారు, ఆ ప్రేమ మంచిదే. కానీ ఇచ్చిన డబ్బుకి లోపల ఏముందో చెప్పే నాథుడు లేడు. బైండింగ్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వీగన్ అంటే జంతువుల నుంచి తీసినదేదీ వాడలేదని. ఒకప్పుడు ఎముకలు, తోళ్లు ఉడికించి తీసిన జిగురు బైండింగ్‌లో వాడేవారు. బొమ్మలు వేసే ఖరీదైన వాటర్ కలర్ కాగితాల్లో కొన్నింటికి ఇప్పటికీ జంతువుల తోళ్లు, ఎముకల నుంచి తీసే జెలటిన్ పడుతుంది. మన పిల్లల రూళ్ల పుస్తకానికి ఆ గొడవే లేదు. మధ్యలో రెండు పిన్నులు, పైన అట్ట, అంతే. కొట్ల లెక్కల పుస్తకాలకైతే మేం మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి అతికిస్తాం. అదీ వీగనే. ఎవరూ అట్ట మీద అచ్చు వేసుకోలేదు.

అసలు చిక్కు ‘వీగన్ లెదర్’ అట్టతోనే. పాతబడిన అట్ట మడత దగ్గర గోరుతో లేపి చూడండి. తోలులా మెరిసే పైపొర పెచ్చులుగా ఊడివస్తుంది, కింద బట్ట కనిపిస్తుంది. చాలావాటిలో ఆ పొర పాలీయురెథేన్, అంటే ప్లాస్టిక్. దానికోసం జంతువుని చంపకపోవచ్చు, కానీ అది మట్టిలో కలవదు. అలాంటి దాన్ని ఎకో ఫ్రెండ్లీ అని అమ్మడం మోసం.

చెట్టు మాట కూడా చెప్పాలి. తమిళనాడులో టీఎన్‌పీఎల్ అనే కాగితం మిల్లు చెరకు పిప్పితో కాగితం తీస్తోంది. జైపూర్ దగ్గర సాంగనేర్‌లో నూలు గుడ్డ ముక్కలతో చేతి కాగితం చేస్తారు. ఇలాంటి వాటిని మెచ్చుకోవాల్సిందే. అయితే మన కాగితం మిల్లులకు వెళ్లే కర్రలో ఎక్కువ భాగం అడవిది కాదు, రైతులు చేలల్లో వేసిన సుబాబుల్, జామాయిల్, సరుగుడు. సుబాబుల్ కొట్టాక మోడు మళ్లీ చిగురిస్తుంది. ఆ కాగితం వాడటమే తప్పన్నట్టు ప్రచారం చేస్తే, గిట్టుబాటు ధర కోసం ఏళ్ల తరబడి మొత్తుకుంటున్న రైతుకి అన్యాయం చేసినట్టే.

‘ఎకో ఫ్రెండ్లీ’ లాంటి మాటలు ఆధారం, వివరణ లేకుండా వాడకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. పర్యావరణానికి హాని తక్కువ చేసే సరుకులకు మట్టికుండ బొమ్మతో ప్రభుత్వ గుర్తు ఇచ్చే ఎకోమార్క్ పథకం 1991లోనే వచ్చింది, కాగితం కూడా దాని కిందికి వస్తుంది. దుకాణాల్లో ఆ గుర్తున్న నోటుపుస్తకం మాత్రం నా కంట పడలేదు. వీగన్ ఆహారానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు ఉంది. నోటుపుస్తకం మీద ఆ మాట ఎవరికి వారు వేసుకుంటున్నదే.

పేజీల సంఖ్య, సైజు, ధర వేసే చోటే ఇంకో మూడు సంగతులు వేయించాలి. కాగితం దేనితో చేశారు, పాత కాగితం కలిస్తే ఎంత శాతం? జిగురు ఏమిటి? అట్ట మీద ప్లాస్టిక్ పొర ఉందా, లేదా? జూన్‌లో బడులు తెరిచేలోపు అధికారులు ఈ లేబుళ్లు తనిఖీ చేయాలి. ప్రభుత్వ బడుల పిల్లలకు ఉచితంగా ఇచ్చే నోటుపుస్తకాల టెండర్లలోనూ రెండు తెలుగు రాష్ట్రాలు అట్టకి ల్యామినేషన్, అంటే ఆ ప్లాస్టిక్ పొర, వద్దని షరతు పెట్టాలి. అంత పెద్ద ఆర్డరుకి షరతు పెడితే తయారీదారులు దారికి రాకతప్పదు.

– ఒక బైండింగ్ కార్మికుడు, విజయవాడ