బీపీ బిళ్ళ ఒక్కటే, లోపల మందులు రెండో మూడో

ఎడిటర్ గారికి నమస్కారం.

ప్రతి సంవత్సరం మే 17న ప్రపంచ హైపర్‌టెన్షన్ డే అని ర్యాలీలు తీస్తారు, బీపీ చూపించుకోండి అని ఫ్లెక్సీలు కడతారు, మంచిదే, చూపించుకోనివాళ్ళు ఇంకా చానామంది ఉన్నారు. కానీ బీపీ ఉందని తేలి మందు మొదలుపెట్టినాక ఆ మందు ఎట్టా వాడాలి, దాంతోపాటు ఏం మింగకూడదు అని కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు కనపడరు. నేను పీహెచ్‌సీలో ఫార్మసిస్టుగా చేసి రిటైర్ అయినాను, కందుకూరు దగ్గర ఉంటాను, ఇప్పటికీ చుట్టుపక్కలవాళ్ళు మందుల కవరు పట్టుకొని ఇంటికొచ్చి ఇది దేనికి, అది దేనికి అని అడుగుతుంటారు, ఆ కవర్లు విప్పి చూస్తే కొన్నిసార్లు నిజంగా భయమేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను, కొంచెం పొడుగైనా దయచేసి వేయండి.

ఇప్పుడు బీపీకి ఒక్క మందే రాయడం తగ్గింది, చాలామందికి కాంబినేషన్ బిళ్ళ రాస్తున్నారు. టెల్మిసార్టన్ 40 ఎంజీ, ఆమ్లోడిపిన్ 5 ఎంజీ కలిసింది ఒకటి, టెల్మిసార్టన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసింది ఒకటి, క్లోర్‌థాలిడోన్ కలిసింది ఒకటి (ఈ చివరి రెండూ ఒంట్లోంచి నీరు తీసే మందులు), మూడు మందులూ ఒకే బిళ్ళలో ఉన్నవి కూడా ఉన్నాయి. ఇది తప్పు పద్ధతి కాదు, ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే నా ఉత్తరం చదివి ఎవరైనా బిళ్ళ ఆపేస్తే అది ఇంకా ప్రమాదం. ఒకే మందు డోసు రెండింతలు చేసేదానికంటే రెండు రకాలు తక్కువ డోసులో ఇస్తే బీపీ బాగా దిగుతుంది, ఆమ్లోడిపిన్ వల్ల కాళ్ళు వాచేది టెల్మిసార్టన్ పక్కన ఉంటే కొంత తగ్గుతుంది, నీరు తీసే మందు ఒంట్లో పొటాషియం తగ్గిస్తే టెల్మిసార్టన్ దాన్ని కొంచెం నిలబెడుతుంది, పైగా రోజుకు ఒక్క బిళ్ళే కాబట్టి మర్చిపోయేది తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఇట్టాంటి కాంబినేషన్లని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

చిక్కు ఎక్కడంటే, జనం దాన్ని ఒక్క మందుగానే లెక్కేసుకుంటారు. నెల నెలా 104 బండి దగ్గరో విలేజ్ క్లినిక్‌లోనో ఆమ్లోడిపిన్ ఫ్రీగా ఇస్తారు, అది మింగుతుంటారు, మధ్యలో కళ్ళు తిరిగాయనో ఆయాసం వచ్చిందనో ఒంగోలో నెల్లూరో పోయి పెద్ద డాక్టరుకి చూపిస్తారు, ఆయన కాంబినేషన్ రాస్తాడు, ఇంటికొచ్చి పాతదీ కొత్తదీ రెండూ మింగుతారు, ఎందుకంటే పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు, ఆ డాక్టరుకి పాతది ఉందని వీళ్ళూ చెప్పలేదు. అంటే ఆమ్లోడిపిన్ రెండు సార్లు లోపలికి పోతోంది. కాళ్ళు వాస్తాయి, రాత్రిపూట బాత్‌రూమ్‌కని లేచి నిలబడంగానే కళ్ళు బైర్లు కమ్ముతాయి, అరవై డెబ్బై ఏళ్ళవాళ్ళు అట్టా పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఇంక మంచం మీదే. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆయుర్వేదం డబ్బాలతో సహా, ఒక సంచిలో వేసుకొని పోండి, చీటీ మీద ఏముందో చెప్పడం కాదు, నిజంగా మింగేవి చూపించాలి.

పేరు చివర అక్షరాల సంగతి కూడా చెప్పాలి. ఒకే కంపెనీ ఒకే పేరుతో నాలుగైదు రకాలు అమ్ముతుంది, తేడా అంతా చివర్లోనే ఉంటుంది. మామూలుగా ఏఎం అని ఉంటే ఆమ్లోడిపిన్ కలిసిందని, హెచ్ ఉంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఏఎంహెచ్ ఉంటే రెండూ, సీటీ ఉంటే క్లోర్‌థాలిడోన్, ఏటీ ఉంటే గుండె వేగం తగ్గించే అటెనలాల్. అయితే అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటించవు, అక్షరాల్ని నమ్ముకోకుండా షీటు వెనకాల చిన్న అక్షరాల్లో మందుల పేర్లు, ఎంజీలు ఉంటాయి, అవి చదవాలి, చదవలేకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకోవాలి. షాపులో "ఏఎం లేదమ్మా, హెచ్ ఉంది, ఒకటేలే" అని ఇస్తే తీసుకోవద్దు, ఒకటి కాదు. ఒకటి రక్తనాళాలు వదులు చేసే మందు, ఇంకోటి నీరు తీసే మందు, గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్ళు వాచే జబ్బు) ఉన్నోళ్ళకి, సోడియం తక్కువున్నోళ్ళకి ఆ రెండోది తెలియకుండా ఇస్తే ఎంత ఇబ్బందో. ఇవన్నీ షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ మీదే అమ్మాలి, చీటీలో రాసిందానికి బదులు ఇంకోటి షాపువాళ్ళు సొంతంగా ఇవ్వకూడదని డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది.

షీటు కత్తిరించి ఇచ్చే అలవాటు ఇంకో సమస్య. అయిదు బిళ్ళలు చాలంటే కత్తెరతో కట్ చేసి ఇస్తారు, పేరు ఒక ముక్క మీద, ఎక్స్‌పైరీ డేట్ ఇంకో ముక్క మీద పోతుంది, ఇంటికొచ్చిన ముక్క మీద ఏమీ ఉండదు. డబ్బులు చాలక అయిదే కొనేవాళ్ళని నేను తప్పుపట్టను, షాపువాళ్ళు కవరు మీద తెలుగులో పేరు, ఎంజీ, లోపల ఏ మందులున్నాయో రాసిస్తే ఏం పోయింది. ఇంకొకటి, టెల్మిసార్టన్‌కి తేమ పడదు, గాలి తగిలితే తేమ పీల్చుకుంటుంది, కాబట్టి వారానికి సరిపడా బిళ్ళలు షీట్లోంచి తీసేసి డబ్బాలో పోసి పెట్టుకోవద్దు, మింగేటప్పుడే షీట్లోంచి తీయాలి. ఉలవపాడు, సింగరాయకొండ, కావలి లాంటి సముద్రం పక్క ఊళ్ళలో గాలిలో తేమ ఎంతుంటుందో మనకి తెలుసు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది, నొప్పుల బిళ్ళలు. కనిగిరి, పామూరు వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, నలభై దాటితే చాలు మోకాళ్ళు, నడుము, మెడ పట్టేస్తాయి. కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు రైతులు, కూలీలు, ఆకు కోసేదీ, ఆకు ఎండబెట్టే బేరన్ దగ్గర మోసేదీ అంతా ఒళ్ళు విరిచే పనే, కోవూరు డెల్టాలో నాట్లేసే ఆడవాళ్ళ నడుముల సంగతి సరేసరి. వీళ్ళకి నొప్పి వస్తే తెలిసిన మార్గం ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది, లేకపోతే షాపులో రెండు బిళ్ళలు, అది డైక్లోఫెనాక్ అవుతుంది, ఎసెక్లోఫెనాక్ అవుతుంది, ఐబుప్రోఫెన్ అవుతుంది. ఈ జాతి మందులు బీపీని పెంచుతాయి, అంటే పొద్దున మింగిన బీపీ బిళ్ళ పనిని సాయంత్రం నొప్పుల బిళ్ళ చెడగొడుతుంది. కిడ్నీల మీద దెబ్బ అంతకంటే పెద్దది. కిడ్నీని చెరువనుకోండి, నొప్పుల బిళ్ళ చెరువులోకొచ్చే కాలవని సన్నం చేస్తుంది, టెల్మిసార్టన్ లాంటిది బయటికి పోయే తూముని వెడల్పు చేస్తుంది, నీరు తీసే మందు పైనుంచి వచ్చే నీళ్ళనే తగ్గిస్తుంది, మూడూ ఒకేసారి జరిగితే చెరువులో మట్టం ఎక్కడ నిలుస్తుంది. ఆ మట్టం లేకపోతే రక్తం వడకట్టే పని ఆగుతుంది, రక్త పరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది, నొప్పి ఏమీ తెలియదు, మూత్రం తగ్గి మొహం ఉబ్బి ఆస్పత్రికి పోయేసరికి ఆలస్యమైపోతుంది. కాంబినేషన్ బిళ్ళ వాడేవాళ్ళు, ముఖ్యంగా హెచ్ గానీ సీటీ గానీ కలిసింది వాడేవాళ్ళు, నొప్పుల బిళ్ళ కానీ సూది కానీ సొంతంగా తీసుకోవద్దు. డాక్టరు చెప్పిన డోసులో పారాసెటమాల్ వాడొచ్చు, పైన రాసుకునే జెల్ కూడా డాక్టర్ని అడిగి వాడుకోవచ్చు, దాంట్లోంచి రక్తంలోకి పోయేది తక్కువ. ఆర్‌ఎంపీలని నేను తిట్టడంలేదు, అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది వాళ్ళే, కానీ సూది వేసేముందు "బీపీ బిళ్ళ ఏది వాడతన్నావు" అని ఒక్క మాట అడగమని చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఎండాకాలం వేరే చెప్పాలి. రోహిణి కార్తెలో మన దగ్గర పొద్దున పదింటికే బయట నిలబడలేం, చెమటతో ఒంట్లో ఉప్పూ నీళ్ళూ రెండూ పోతాయి, దానికి నీరు తీసే మందు తోడైతే పెద్దవాళ్ళకి సోడియం పడిపోతుంది. ముందు నీరసం, తర్వాత మాట తడబడటం, ఊరికే మత్తుగా పడుకోవడం, ఎవరినీ గుర్తుపట్టకపోవడం. ఇంట్లోవాళ్ళు ఎండదెబ్బ అనుకొని నీళ్ళు తాగిస్తూ కూర్చుంటారు, పక్షవాతం అయినా కావచ్చు, సోడియం అయినా కావచ్చు, ఇంట్లో తేల్చేది కాదు, 108కి ఫోన్ చేసి మందుల షీట్లు చేత్తో పట్టుకొని పోవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు కూడా అంతే జాగ్రత్త, ఆ రోజు బిళ్ళ వేసుకోవాలా వద్దా అని డాక్టరుకో ఏఎన్‌ఎంకో ఫోన్ చేసి అడగండి, చాలాసార్లు ఒంట్లో నీళ్ళు తేరుకునేదాకా ఆపమంటారు, తేరుకున్నాక మళ్ళీ మొదలుపెట్టడం మాత్రం మర్చిపోవద్దు, ఆపింది ఆపినట్టే ఉంచేసేవాళ్ళు ఎక్కువ.

ఉప్పు తగ్గించమంటే కొంతమంది లో సోడియం ఉప్పు ప్యాకెట్ కొంటున్నారు. అందులో సోడియం బదులు కొంత పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, మామూలు మనిషికి మంచిదే, కానీ టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ లాంటివి వాడేవాళ్ళకి, అందులో కిడ్నీ కొంచెం దెబ్బతిన్నవాళ్ళకి, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. దానికంటే ఎండుచేపలు, ఊరగాయలు, అప్పడాలు తగ్గించుకుంటే చాలా దిగుతుంది, ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అన్నీ కలిపి, ఒక చిన్న టీ స్పూను.

కాళ్ళ వాపు సంగతి. ఆమ్లోడిపిన్ వాడితే మడమల దగ్గర వాపు వచ్చే అవకాశం ఉంది, సాయంత్రానికి ఎక్కువవుతుంది. "కాళ్ళకి నీరు దిగింది" అని షాపులో అడిగి ఫ్యూరోసెమైడ్ మింగుతారు, ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు, సన్న రక్తనాళాలు వదులై వచ్చింది, నీరు తీసే బిళ్ళతో పెద్దగా తగ్గదు, ఊరికే సోడియం, పొటాషియం పోతాయి. డాక్టరుకి చెబితే డోసు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు. వాపుతోపాటు ఆయాసం ఉంటే, మొహం కూడా ఉబ్బితే అది వేరే సంగతి, వెంటనే పోవాలి.

బీపీ నార్మల్‌కి వచ్చింది గదా అని ఆపేసేవాళ్ళకి ఒక్కటే చెబుతాను, నార్మల్‌కి వచ్చింది బిళ్ళ వల్లే. అటెనలాల్, మెటోప్రోలాల్ కలిసిన బిళ్ళలైతే ఉన్నట్టుండి ఆపడం గుండెకే ప్రమాదం, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి మరీను. ఒక పూట మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు గుర్తొస్తే ఆ రోజుది మాత్రమే, రెండు కలిపి వేసుకోవద్దు. నీరు తీసే మందు కలిసింది పొద్దున వేసుకుంటే రాత్రి మాటిమాటికీ లేచే పని తప్పుతుంది. మందు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, సోడియం, పొటాషియం ఒకసారి చూపించుకోవాలి, తర్వాత డాక్టరు చెప్పినప్పుడల్లా. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు, గర్భం వచ్చిందేమో అని అనుమానం ఉన్నవాళ్ళు ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చెప్పాలి, టెల్మిసార్టన్ జాతి మందులు కడుపులో బిడ్డ కిడ్నీలకి హాని చేస్తాయి. ఈ సంగతి మన ఆశా వర్కర్లకి కూడా చెప్పి ఉంచితే మంచిది, గర్భిణుల పేర్లు ముందు తెలిసేది వాళ్ళకే.

మా చుట్టుపక్కల జిల్లాల వైద్యాధికారులకి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకి మీ పేపరు ద్వారా అడిగేది ఇది. ప్రతి బీపీ పేషెంటుకీ ఒక అట్ట కార్డు ఇచ్చి, అందులో వాడే మందుల పేర్లు తెలుగులో, ఎంజీలతో, పాత మందు ఏది ఆపాలో దానితో సహా రాయించండి, 104 బండి దగ్గరా ప్రైవేట్ డాక్టరు దగ్గరా షాపులోనూ అదే కార్డు చూడాలి. షీటు కత్తిరిస్తే పేరు, తేదీ ఉన్న కవరులోనే ఇవ్వాలని మెడికల్ షాపులకి చెప్పండి, చీటీ లేకుండా డైక్లోఫెనాక్ అమ్మేచోట తనిఖీలు చెయ్యండి. ఆ కార్డు నమూనా కావాలంటే నేను రాసి ఇస్తాను, పీహెచ్‌సీలో ఉన్నప్పుడు చేత్తో రాసి ఇచ్చేవాణ్ణి, ప్రింటు చేయిస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
కందుకూరు దగ్గర నుంచి