చింతపిక్కలు, పాత పంచెలు, శనివారం క్లాసు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల మీటింగులో ఒక నాన్నగారు లేచి, "మెట్రిక్ పరీక్ష దగ్గర పడుతుంటే ఈ రంగులూ జిగుర్లూ ఏంటండీ?" అని అడిగారు. ఆ రోజు నాకు సరిగ్గా జవాబు తట్టలేదు. ఇప్పుడు చెబుతాను.

చేతిపనులకు ఇస్తున్నది శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లే. లెక్కల క్లాసు ఒక్కటీ తగ్గించలేదు, టెన్షన్ పడకండి.

ఈసారి తొమ్మిదో తరగతి వాళ్లు గంజపా చేస్తున్నారు. మన పర్లాకిమిడి పెద్దలకు తెలిసిన గుండ్రటి పేకముక్కలే. ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది. మొత్తం 96. దశావతారాల కట్టయితే 120.

చింతపిక్కలు నానబెట్టి, రుబ్బి, కాచిన జిగురుతో నూలుబట్టను పొరలుగా అంటించాలి. పైన సుద్దపొడి పూత. ఆరాక నున్నటి రాయితో రుద్దాలి. మనవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? రుద్దకుండానే కుంచె పట్టారు. రంగు పాకి రాజుగారి మీసం చెవి దాకా పోయింది. తరువాతి వారం ముసురు. ఆరని అట్టల్ని బీరువాలో పెట్టి తాళం వేయించింది నేనే. సోమవారం తీస్తే అన్నీ బూజు! ఒక అమ్మాయి వాళ్ల మామ్మనడిగి వచ్చి, జిగురులో కాస్త మైలుతుత్తం వేయాలంది. మాట నిజమే కానీ అది విషం, పిల్లల చేతికివ్వలేం. ఎండ కోసం ఆగాం.

ఇక లెక్కల సంగతి. అట్ట మీద గుండ్రాలు గీసేటప్పుడు, లెక్కలంటే బల్ల కిందికి దూరే ఒక కుర్రాడు, వరసల్ని తేనెపట్టులా ఒకదాని సందులో ఒకటి ఇరికిస్తే ముక్కలు ఎక్కువ వస్తాయని కనిపెట్టాడు. ఎందుకు వస్తాయో లెక్కల మాస్టారు సోమవారం క్లాసులో వాడి చేతే చెప్పించారు.

ఎనిమిదో తరగతి వాళ్లు సవర గిరిజనుల బొమ్మలు వేస్తామంటున్నారు. నిరుడు వార్షికోత్సవానికి స్టేజీ చుట్టూ అంచులా వేయించాం. చూడ్డానికి బాగుంది గానీ, ఒక సవర విద్యార్థి తండ్రి నన్ను పక్కకు పిలిచి, ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఈ బొమ్మను ఇడితాల్ అంటారనీ, అది దేవతలకూ, పోయిన పెద్దలకూ వేసేదనీ నెమ్మదిగా చెప్పారు. సిగ్గనిపించింది. అందుకే ఈసారి ముందు వాళ్ల ఊరి పెద్దలు వచ్చి పిల్లలతో మాట్లాడతారు. ఏది వేయవచ్చో, ఏది వేయకూడదో వాళ్లు చెప్పాకే కుంచె.

మీరు చేయాల్సింది కొంచెమే. శుక్రవారం లోపు పాత నూలు పంచె గానీ చీర గానీ ఉతికి పంపండి, పాలిస్టర్ వద్దు, జిగురు పట్టదు. గుప్పెడు చింతపిక్కలు కూడా. బజారులో రెడీమేడ్ అట్టలు కొనొద్దు, రాత్రి కూర్చుని మీరే రంగులు వేసి పంపొద్దు. పోయినసారి నాలుగు ముక్కల మీద అమ్మల చెయ్యి పడిందని ఇట్టే తెలిసిపోయింది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు