సీజన్ అయిపోయిందంటున్నారు, పిట్టలు ఇంకా ఇక్కడే ఉన్నాయి సార్

గౌరవనీయులైన సార్ గారికి,

మా మడ అడవులు, వాటిని నమ్ముకున్న పిట్టల బాధ్యత మీ చేతిలో ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను. నమస్కారమండి. ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడూ తెల్ల కాగితం మీద రాసి ఆఫీసుకొచ్చి చేతికిచ్చి వెళ్లాను, రెండిటికి ముద్ర కూడా వేయించుకున్నాను, ఒక్కదానికీ జవాబు లేదు. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం అక్కడున్నాయన కాగితం చదవకుండానే "వలస పక్షుల సీజన్ అయిపోయిందయ్యా, నవంబర్‌లో రా" అన్నారు. అది ఏప్రిల్ 20. ఆ పొద్దున్నే పాటుకి, అంటే నీళ్లు వెనక్కి తగ్గిన వేళకి, మా మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) దగ్గర బురద మీద పిట్టలు కమ్మేసి ఉన్నాయి, నేను వాటిని చూసే వచ్చాను, ప్యాంటు అంచుకి బురద కూడా ఆరలేదు. ఆ ఒక్క మాట మింగుడు పడకే మళ్లీ రాస్తున్నానండి.

నేను పక్షుల మీద చదువుకున్నవాణ్ని కాదు. కాకినాడ దగ్గర తాళ్ళరేవు కింద రొయ్యల చెరువుల మీద పనిచేస్తాను, పొద్దున్నా సాయంత్రం మేత వేయడం, రాత్రి నీళ్లలో గాలి ఆడించే ఏరియేటర్లు చూసుకోవడం. గట్టు మీద నిలబడితే ఒకపక్క చెరువు, ఇంకోపక్క ఏరు, దాని వెనక మడ. ఇన్నేళ్లుగా రోజూ అదే చూస్తున్నాను కాబట్టి ఎప్పుడొస్తాయి ఎప్పుడెళ్తాయి ఏం తింటాయి అన్నది కొంచెం తెలుసు. మేమందరం కలిపి ఉల్లంకి పిట్టలు అనేస్తాం గానీ ఫొటోలు తీసుకునే కుర్రాళ్లు వచ్చి పేర్లు చెప్తే ఇప్పుడు నేనూ విడగొట్టి చెప్పగలను.

మీరు జనవరిలో లెక్క పెట్టిస్తారు. మంచిదే, ఆ రెండు రోజులూ బైనాక్యులర్లు, పడవలు, పేపర్లో వార్త, అంతా ఉంటుంది. మార్చి దాటాక కాపలా కుర్రాళ్లు కనపడరు, పడవ కనపడదు, అడిగేవాడు ఉండడు. కానీ సార్, జనవరిలో ఆ పిట్టలు బతకడానికి తింటాయి, ఏప్రిల్‌లో వెళ్లడానికి తింటాయి. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. వెళ్లేముందు కొన్ని జాతులు ఒంటి బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటాయి, ఆ కొవ్వే వాటికి దారి ఖర్చు. గాడ్విట్ అనే పొడుగు ముక్కు జాతి పిట్ట ఒకటి 2022లో అలాస్కా నుంచి టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు 11 రోజులు ఎక్కడా దిగకుండా ఎగిరిందని సాటిలైట్ ట్యాగ్ వల్ల తెలిసింది, ఆ జాతివే మన కాకినాడ బురదల్లోనూ తిరుగుతాయి. వీటికి దారిలో అడుగడుగునా హోటళ్లు ఉండవు కదండి. పైగా గూడు కట్టే సైబీరియాలో దిగేసరికి అక్కడ ఇంకా మంచు కరిగి ఉండకపోవచ్చు, మొదటి రోజులు ఒంట్లో మిగిలిన కొవ్వుతోనే గడవాలి.

అవి తినడం మీరు దగ్గర నుంచి ఒక్కసారి చూడాలి. కర్లూ శాండ్‌పైపర్ అని చిన్నది, చలికాలమంతా బూడిదరంగులో ఉండి ఏప్రిల్ వచ్చేసరికి రొమ్మంతా ఇటుకరంగు పట్టేస్తుంది. ఆ రంగు చూస్తేనే ప్రయాణం దగ్గరపడిందని నాకు అర్థమైపోతుంది. అది కుట్టుమిషన్ సూదిలా బురదలో పొడుచుకుంటూ పోతుంది, తలెత్తదు. దాని పక్కనే కర్లూ, బెత్తెడు పైన వంకర ముక్కు, పీత బొక్కలో ముక్కు మొత్తం దింపేసి పీతని లాగి, అటూ ఇటూ విదిలించి కాళ్లు ఊడగొట్టి, డొక్క మాత్రం మింగుతుంది. మొన్న ఒకటి ఆ పీతని మూడుసార్లు జారవిడిచి మూడుసార్లూ పట్టుకుంది, నేను మేత బకెట్ కింద పెట్టి అలాగే నిలబడిపోయాను. గ్రేట్ నాట్ అనే ఇంకో వలస పిట్ట అయితే చిన్న గుల్లల్ని పగలగొట్టకుండా చిప్పతో సహా మింగేస్తుంది, లోపల కందనకాయలో నలిగిపోతాయట. అవి లేచిపోయాక అక్కడ రెట్టలో చిప్ప ముక్కలు చేత్తో తీసి చూశాను నేను. ఆ గ్రేట్ నాట్ 2015 నుంచి ప్రపంచంలో అంతరించే ప్రమాదమున్న పక్షుల జాబితాలో ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు.

వీటికి పగలూ రాత్రీ లేదండి, పోటూ పాటే గడియారం. పాటుకి బురద బయటపడ్డ ఆ కొన్ని గంటలే అన్నం వేళ. పోటొస్తే ఇసుక మేట మీద ఒంటికాలి మీద నిలబడి అరిగించుకోవాలి. ఇప్పుడు ఆ రెండూ లేకుండా పోతున్నాయి, అదే నా గోడు. పాటు టైముకి బురద అంచున ట్రాక్టర్లు, గుల్లల కోసం వచ్చే బళ్లు. పోటు టైముకి మేట పక్కనే సెలవల జనం పడవలు, దగ్గరికెళ్లి ఒక్క అరుపు అరిచి లేపి వీడియో తీసుకుంటారు, మొత్తం గుంపు లేస్తుంది, ఒక చుట్టు చుట్టి వాలుతుంది, పది నిమిషాలకి ఇంకో పడవ. ఊరకుక్కలు సరేసరి. లేచిన ప్రతిసారీ అవి కూడబెట్టుకున్న కొవ్వే ఖర్చవుతుంది. ఒక్కరోజు, శ్రీరామనవమి తర్వాత ఆదివారం, నేను గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను, పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిన్నర లోపల పందొమ్మిదిసార్లు లేపారు. మనం కంచం ముందు కూర్చున్నాక పందొమ్మిదిసార్లు లేపితే ముద్ద దిగుద్దా సార్?

మా చెరువుల వాళ్ల తప్పు కూడా దాచను. పట్టుబడి (రొయ్యలు పట్టేయడం) అయ్యాక నీళ్లు తీసేసి చెరువు ఎండగడతాం, ఆ తడి బురదలో పురుగుల కోసం పిట్టలు వాలతాయి, అప్పటికి అందులో రొయ్య పిల్ల ఒక్కటి కూడా ఉండదు, నష్టమేం లేదు, అయినా అలవాటుగా టపాసులు కాలుస్తారు. పక్క చెరువుల్లో కల్చర్ (రొయ్యల పెంపకం) ఉంది కాబట్టి భయం అంటారు. నేను మా ఓనర్‌కి చెప్పుకుని మా రెండు చెరువులకి, ఆ పురుగుల్ని చంపే సున్నం చల్లడం పది రోజులు ఆపించాను. చెప్పేవాళ్లుంటే మిగతావాళ్లూ వింటారండి, నా మాట అయితే ఎవరూ వినరు.

వేటకెళ్లే మావాళ్లని చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో బోట్లు ఆపేస్తారు, చేప గుడ్లు పెట్టే కాలమని. కష్టమైనా అందరూ ఒడ్డున కూర్చుంటున్నారు, తేదీలు చిన్నపిల్లాడికి కూడా తెలుసు. చేపకి ఏప్రిల్ ఉన్నప్పుడు పిట్టకి ఎందుకు లేదు? అదే నీళ్లు, అదే బురద కదా.

ఇంకో మాట. అన్నీ వెళ్లిపోవు కూడా. కృత్తిక కార్తె ఎండల్లో కూడా గాడ్విట్లు, కర్లూలు కొన్ని మిగిలి ఉంటాయి. అవి జబ్బు చేసి ఉండిపోయినవని ఆఫీసులో అన్నారు. కాదు సార్, చాలా వరకు అవి పోయినేడు పుట్టిన పిల్లలు, జత కట్టే వయసు రాక వేసవంతా ఇక్కడే ఆగిపోతాయి. రంగు కూడా ఎక్కదు వాటికి. అంటే మీ లెక్కలో సీజన్ లేని రోజుల్లో కూడా ఈ బురద మీద ఆకలి ఉంది.

పోయినేడు మీటింగ్‌లో చెప్పారు, ఏప్రిల్‌లో కూడా ఒకసారి లెక్క పెట్టిస్తామని, మేటకి దగ్గరగా పడవలు రాకుండా జెండాలు పాతిస్తామని. మేము చప్పట్లు కొట్టాం. జెండాలు రాలేదు, లెక్కా లేదు. కర్రలు మేమే నరికి ఇస్తామన్నాం, సర్వీ కర్రలు ఊళ్లోనే ఉన్నాయి, పాతడానికి అనుమతి అడిగితే అదీ రాలేదు.

పెద్ద కోరికలు కాదండి. కాపలా కుర్రాళ్లని మే నెలాఖరు దాకా ఉంచండి, వాళ్ల జీతం రెండు నెలలే కదా. పోటు టైముకి ఆ ఒక్క మేట దగ్గరికి పడవలు రానివ్వకండి, మిగతా ఏరంతా తిరగనివ్వండి, పడవ నడుపుకునేవాళ్ల పొట్ట కొట్టమని నేను అడగను. ఏప్రిల్‌లో లెక్క పెట్టించండి, దయచేసి లెక్క పెట్టించండి, కాగితం మీద అంకె ఉంటేనే మీరు కూడా పైవాళ్లకి చెప్పగలుగుతారు. జవాబు ఇవ్వడం కుదరకపోతే కనీసం ఒకసారి రండి.

వచ్చే అమావాస్యకి పాటు బాగా లోపలికి లాగుతుంది, బురద చాలా దూరం బయటపడుతుంది. తెల్లారకముందే రావాలి. ఎర్రబడ్డ చిన్న పిట్టలు అప్పటికి ఇంకా ఉంటే చూపిస్తాను, వెళ్లిపోయి ఉంటే ఆగిపోయిన పిల్లల్ని చూపిస్తాను. నేను గట్టు మీద మోటారు షెడ్డు దగ్గర ఉంటాను. బూట్లు వేసుకు రాకండి, దిగబడిపోతాయి.

ఇట్లు
తాళ్ళరేవు కింద చెరువుల మీద పనిచేసే ఒకడు