కోళ్ల షెడ్డు విషయమై అమ్మాయికి

చి.సౌ. సుజాతకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. బాబుకి జలుబు తగ్గిందన్నావు, సంతోషం.

షెడ్డు సంగతి ఫోన్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే నేను సగం చెప్పేలోపు నువ్వు నా బీపీ మాత్రల దగ్గరికి వెళ్లిపోతావు. కాగితం మీదైతే అల్లుడుగారు కూడా తీరిగ్గా చదువుకుంటారు.

నువ్వు రెండు అడిగావు. కంపెనీతో ఇంటిగ్రేషన్, అంటే పిల్లలూ మేతా వాళ్లవి, షెడ్డూ పనీ మనవి అన్న ఒప్పందం పెట్టుకుని పది వేల కోళ్ల బ్రాయిలర్ షెడ్డు వేస్తే గిట్టుబాటు అవుతుందా అన్నది మొదటిది. పసుపుకుంకుమ కింద నీకిచ్చిన ఎకరాన్ని బ్యాంకువాళ్లు తనఖా పెట్టమంటున్నారంటే అది అడగాల్సిందే. రెండోది నసుగుతూ అడిగావు, "అలా కుక్కి పెంచితే పాపం కదా నాన్నా?" అని. పశుసంవర్ధక శాఖలో అన్నేళ్లు చేశాను గానీ ఆ రెండో మాట నన్ను అడిగిన రైతులు తక్కువ. అడిగేవాళ్లు లేక కాదు, అడిగితే డాక్టరు నవ్వుతాడేమోనని. నా దృష్టిలో నీవి రెండూ ఒకటే ప్రశ్న. ఎందుకంటున్నానో చెబుతాను.

ముందు ఒక పుకారు తీసేద్దాం. బ్రాయిలర్ కోడిని హార్మోన్ ఇంజెక్షన్లు పొడిచి పెంచుతారని మీ అత్తగారు అన్నారట. పది వేల కోళ్లకు రోజూ సూదులు వేసే మనుషులు ఎక్కడ దొరుకుతారు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? ఆ పెరుగుదలంతా జాతిలోనే ఉంది. కెనడాలో అల్బర్టా యూనివర్సిటీ వాళ్లు 1957 నాటి కోళ్ల రకాన్నీ 2005 నాటి రకాన్నీ ఒకే మేతతో పక్కపక్కన పెంచి తూచారు. 56 రోజులకు పాత రకం 905 గ్రాములు, కొత్త రకం 4,202 గ్రాములు. మందు లేదు, మాయ లేదు. తరం తరానికీ బరువైనవాటినే ఏరి జతకట్టించారు.

కండ అలా పెరిగిపోతుంటే గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు దాని వెంట పరిగెత్తలేవు. అయిదో వారంలో ఏ షెడ్డులోకైనా వెళ్లి కాసేపు ఊరికే నిలబడి చూడు. మేత డబ్బా దాకా నడవలేక రెండడుగులేసి కూలబడేవి కనబడతాయి. పొట్టలో నీరు చేరి తమ్మె నల్లబడినవి కనబడతాయి. రాత్రి శుభ్రంగా తిని, తెల్లారేసరికి వెల్లకిలా కాళ్లు చాచి ఉండేవి ఉంటాయి. అవి జబ్బు చేసి చచ్చినవి కావు, ఒళ్లు బాగా చేసి చచ్చినవి. పొద్దున్నే బకెట్ పట్టుకుని వాటిని ఏరడం రోజూ ఉండే పని. అది మీరే చేస్తారు, కంపెనీ చెయ్యదు.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. మీ షెడ్డుకొచ్చే పిల్లల తల్లిదండ్రులు బ్రీడర్ ఫారాల్లో ఉంటాయి. వాటిని పెరిగే వయసులో కడుపు నిండా తిననివ్వరు. తింటే లావెక్కి సరిగ్గా గుడ్లు పెట్టవు, ముందే చచ్చిపోతాయి. అందుకని మేత తూచి వేస్తారు, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు వేస్తారు. మేత వేసే వేళకి ఆ ఫారాల్లో లేచే అరుపు నాకు ఎప్పుడూ అలవాటు కాలేదు.

గుడ్ల కోళ్ల సంగతి వేరు. లేయర్ కోడి ఒళ్లు బ్రాయిలర్‌లా పెరిగిపోదు గానీ అది ఉండే చోటు ఘోరం. మన తణుకు చుట్టూ పాత కేజుల్లో 15 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు అరలో మూడు కోళ్లు ఉంటాయి. రెక్క చాపడానికి లేదు, మట్టిలో పొర్లడానికి లేదు, గుడ్డు పెట్టేముందు చాటు చూసుకోవడానికి లేదు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లప్పుడే ముక్కు కొస కత్తిరించేస్తారు. చిన్నప్పుడు నువ్వు సంతలో గులాబీ రంగు కోడిపిల్ల కావాలని ఏడిచి కొనిపించుకున్నావు, గుర్తుందా? రంగులద్ది అమ్మే ఆ పిల్లలు చాలావరకు లేయర్ హేచరీల్లో పుట్టిన మగవి. గుడ్డూ పెట్టవు, మాంసానికీ ఎదగవు. రంగు పూయించుకుని సంతకొచ్చేవి కొన్నే, మిగతావాటిని పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీలో 2022 నుంచి అలా చంపకూడదని చట్టం చేశారు, గుడ్డులో ఉండగానే ఆడో మగో తేల్చే యంత్రాలు పెట్టుకున్నారు. యూరప్‌లో పాత తరహా కేజులు 2012 నుంచే నిషేధం. మనకూ చట్టం లేకపోలేదు. కదలడానికి చాలినంత చోటు లేకుండా జంతువును పంజరంలో పెట్టడం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోనే రాశారు. 2017లో లా కమిషన్ ప్రత్యేకంగా కోళ్ల గురించే 269వ నివేదిక ఇచ్చింది. కేజులు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఇదంతా చదివి ఫారాలన్నీ మూసెయ్యాలని నాన్న అంటున్నాడనుకోకు. 2023-24లో దేశంలో ఉత్పత్తైన గుడ్లలో దాదాపు 18 శాతం మన ఆంధ్రవే, రాష్ట్రాల్లో మనమే ఫస్టు. అంత పెట్టినా ఆ ఏడు దేశం మొత్తం మీద మనిషికి వచ్చినవి 103 గుడ్లు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఏడాదికి 180 తినమంటుంది. అంగన్‌వాడీకి వెళ్లే పిల్లకు, బాలింతకు చేతిలో పెట్టే గుడ్డు పెరటి కోడి నుంచి వచ్చేది కాదు. అది చవగ్గా దొరుకుతోందంటే ఆ కేజుల వల్లే. ఈ రెండూ నిజమే, ఒకటి చెప్పి ఒకటి దాచేవాళ్ల మాట నేను వినను. కోడికి ఇంకాస్త చోటిస్తే గుడ్డుకు కొంచెం ధర పెరుగుతుంది. కొనగలిగినవాళ్లు ఇవ్వాలి, అంగన్‌వాడీ గుడ్డుకు సర్కారు ఇవ్వాలి. కుదరని పని కాదు, ఎవరూ తలకెత్తుకోని పని.

ఇప్పుడు మీ షెడ్డు దగ్గరికి వస్తాను. అల్లుడుగారు పంపిన కాగితంలో కంపెనీ ఇచ్చేవి రాశారు: పిల్లలు, మేత, మందులు, సూపర్‌వైజరు. మీరు పెట్టేవి: షెడ్డు, నీళ్లు, కరెంటు, ఊక, కూలీలు, మీ నిద్ర. నలభై రోజులకు కోడి రెండు కిలోలు దాటుతుంది. రాత్రిపూట లారీ వస్తుంది, లైట్లు తీసేస్తారు, లిఫ్టింగ్ కుర్రాళ్లు ఒక్కో చేతిలో నాలుగైదు కాళ్లు పట్టుకుని ట్రేల్లో కుక్కుతారు. తూకం వేస్తారు. తర్వాత మీకు జీసీ, అంటే పెంపకం కూలి, కిలో లెక్కన ఇస్తారు. చాలాచోట్ల అది పది రూపాయల లోపే.

ఆ కిలో కూలి కూడా స్థిరం కాదు. కంపెనీ ఒక కిలోకి ఇంత ఖర్చు అవ్వాలని ముందే లెక్క కడుతుంది. పిల్ల ధర, మేత ధర ఆ లెక్కలో వేసేది వాళ్లే. మీ బ్యాచ్‌లో మేత ఎక్కువ తిన్నా, చావులు ఎక్కువైనా ఖర్చు పెరిగిందని కూలిలో కోస్తారు. తగ్గితే కాస్త ఇన్సెంటివ్ వేస్తారు. పిల్లలు నీరసంగా వచ్చినా, మేత నాసిగా ఉన్నా ఆ తేడా మీ ఖాతాలోకే వస్తుంది. మార్కెట్ పడిపోతే కొత్త పిల్లలు వెయ్యడం ఆలస్యం చేస్తారు. ఏడాదికి ఆరు బ్యాచులని ఎస్టిమేట్‌లో రాశారు, అయిదే పడితే? షెడ్డు ఖాళీగా ఉందని బ్యాంకు వాయిదా ఆపదు.

ఇందులో మంచి లేదని అనను. 2020 ఫిబ్రవరి, మార్చిల్లో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారుకి ధర కుప్పకూలింది. సొంతంగా పెంచినవాళ్లు కోళ్లను ఊరికే పంచిపెట్టేశారు. 2021లో సోయా రేటు మండిపోయి, కేంద్రం విదేశాల నుంచి 12 లక్షల టన్నుల సోయా పిండి తెప్పించుకోవడానికి అనుమతిచ్చింది. కోడి ఖర్చులో మూడింట రెండొంతులు మేతే కదా, ఆ దెబ్బకు సొంత ఫారాలు చాలా మూతపడ్డాయి. కంపెనీ కింద ఉన్నవాళ్లకు ఆ దెబ్బ నేరుగా తగల్లేదు. అల్లుడుగారు చెప్పే పాయింటు ఇదే, అందులో తప్పు లేదు.

కానీ తల్లీ, ఆ షెడ్డులో కోడి మీది కాదు. అప్పు మీది, చావు మీ ఖాతాది, కోడి కంపెనీది. నువ్వు పాపం గురించి అడిగావు చూడు, దాని చిక్కంతా ఇక్కడే. కోడి మీద జాలి చూపించడమంటే కబుర్లు కాదు, దానికి చోటివ్వడం. ఎండాకాలం పది వేలకు బదులు ఎనిమిది వేలు వేయించుకుంటే వాటికి గాలాడుతుంది, తక్కువ చస్తాయి, కాళ్లు నిలబడతాయి. నెమ్మదిగా పెరిగే జాతి పెంచితే వాటి ఒంటికి సుఖం. ఇవి రెండూ తేల్చేది కంపెనీ. తక్కువ వేయమని మీరే అడిగినా కిలోల మీద కూలి కాబట్టి నష్టం మీకే. కోడికి బాధ, మీకు నష్టం ఒక్కచోటే నిర్ణయమవుతాయి, ఆ చోట మీకు కుర్చీ లేదు.

గుడ్ల రైతులు ఈ ముక్క ముందే పసిగట్టారు. దళారులు చెప్పిన రేటుకు అమ్ముకుని విసిగిపోయిన రోజుల్లో, 1982లో, వెంకటేశ్వర హేచరీస్ పెట్టిన బి.వి. రావుగారి చొరవతో ఎన్ఈసీసీ అనే తమ సంఘం పెట్టుకున్నారు. ఇవాళ్టికీ గుడ్డు రేటు రోజూ వాళ్లే ప్రకటిస్తారు. ఆ రేటు మీద కూడా గొడవలుంటాయి, ఉండనీ. కోళ్లు వాళ్లవి కాబట్టి గొడవపడటానికి వాళ్లకొక చోటుంది.

మీది మెట్ట ప్రాంతం. మే నెల మధ్యాహ్నం రేకుల కింద కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతుంటాయి. పైన గడ్డి పరిచి, చుట్టూ గోనెపట్టాలు తడిపి కట్టి, నీటి తుంపర చల్లే ఫాగర్లు పెట్టి కాపలా కాయాలి. గంట కరెంటు పోతే ఎన్ని పోతాయో చెప్పలేం. బర్డ్ ఫ్లూ సంగతి నువ్వే చూశావు. 2025 ఫిబ్రవరిలో మన వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లు కుప్పలుగా పడిపోయాయి. భోపాల్ ల్యాబు ఖాయం చేశాక, కిలోమీటరు లోపలి కోళ్లన్నీ చంపి పూడ్చేశారు. పరిహారం కోడి లెక్కన ఇస్తారు. ఆ తర్వాత నెలల తరబడి కొత్త బ్యాచ్ వేయనివ్వరు, ఆ ఖాళీకి ఎవరూ ఇవ్వరు.

మరి నాటుకోళ్లు పెంచుకుంటామంటావేమో. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లలు మన ఊళ్లకు బాగానే అలవాటుపడ్డాయి. మీ పామాయిల్ తోట నీడలో మూడు, నాలుగొందలు తిరగొచ్చు. బజారులో బ్రాయిలర్ కంటే ధర బాగా ఎక్కువ పలుకుతుంది. అవి ఆరుబయట తిరుగుతాయని స్వర్గమనుకోకు. ముంగిస, పిల్లి, గద్ద కాచుక్కూర్చుంటాయి. కొక్కెర తెగులు వచ్చిందంటే రెండు రోజుల్లో దొడ్డంతా ఊడ్చుకుపోతుంది. మొదటి వారంలో దాని టీకా లసోటా చుక్కలు వేసి, మళ్లీ సమయానికి వేయించకపోతే ఆ స్వేచ్ఛ వాటికి చావే. చేతికి రావడానికి మూడు నెలలు పడుతుంది, డబ్బు కొద్దిగానే వస్తుంది. జీతానికి బదులు కాదు, జీతానికి తోడు. నా ఓటు మాత్రం దీనికే. కోడి మీది, ఎన్ని పెంచాలో మీ ఇష్టం, తేడా వస్తే ఎకరం పోదు.

అల్లుడుగారు షెడ్డే కావాలంటే నేను అడ్డు చెప్పను. మూడు వేలతో మొదలుపెట్టండి, ఆ ఎకరం జోలికి పోకుండా ఎంత అప్పు పుడితే అంతలో. షెడ్డు తూర్పు పడమరలుగా పొడవు, ముప్పై అడుగులకు మించని వెడల్పు. జనరేటరు ముందు కొని పిల్లల్ని తర్వాత తెచ్చుకోండి. మొదటి వారం బ్రూడింగ్, అంటే పిల్లలకు వెచ్చదనం ఇచ్చే పని, నువ్వే చూసుకో, నీకు ఓపిక ఎక్కువ. పిల్లలు బల్బు కింద గుంపుగా ముద్దకడితే చలి, చుట్టూ కట్టిన గార్డు అంచుకు పోయి నోళ్లు తెరిస్తే వేడి, అక్కడక్కడా చెదిరి తింటూ తిరుగుతుంటే సరిపోయిందని అర్థం. థర్మామీటరు కంటే వాటినే నమ్ము. సూపర్‌వైజరు తెచ్చిన మందు సీసా మీద కొలిస్టిన్ అన్న పేరుంటే వెనక్కి ఇచ్చెయ్యండి. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు వాడేది అది, అందుకే 2019లో కోళ్లకు, పశువులకు వాడకుండా నిషేధించారు. ఏ యాంటీబయాటిక్ అయినా అమ్మకానికి ఎన్ని రోజుల ముందు ఆపాలో సీసా మీదే ఉంటుంది, అది తప్పకండి, ఆ కోడి రేపు మన బాబు కంచంలోకే రావచ్చు.

మీ దగ్గర్లో కంపెనీ కింద చేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లండి. పిల్లలు దిగిన రోజు కాదు, లిఫ్టింగ్ రాత్రి వెళ్లండి. గత మూడు బ్యాచుల సెటిల్‌మెంట్ కాగితాలు చూపించమని బతిమాలండి. నోటితో లాభం అంటారు, కాగితంలో వేరే ఉండొచ్చు. కంపెనీవాళ్లను అగ్రిమెంటు తెలుగులో ఇమ్మనండి. పిల్లలు వెయ్యడం ఆలస్యమైతే నెలకు ఇంత ఇస్తామని అందులో ఉందా, వేసవిలో ఎన్ని పిల్లలు వెయ్యాలో మీరు చెప్పే వీలుందా, ఫ్లూ వస్తే పరిహారం ఎవరి ఖాతాలో పడుతుంది, ఈ మూడూ చూడండి. ఒక జిరాక్స్ నాకు పోస్టు చెయ్యి, వాట్సాప్‌లో అక్షరాలు నాకు కనబడవు. నేను చదివి ఫోన్ చేసేదాకా సంతకం పెట్టకండి.

ఉంటాను.

మీ నాన్న