అమెరికాలో చదివిన నర్సులకు పని అనుమతి (ఓపీటీ) మూడేళ్లు కాదు, పన్నెండు నెలలే

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ నెల మొదటి వారంలో మా పిన్ని వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. మీ పత్రిక జిల్లా ఎడిషన్‌లో వచ్చిన ఒక కన్సల్టెన్సీ ప్రకటన అది. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ అవ్వండి, చదువయ్యాక మూడేళ్ల వర్క్ పర్మిట్, ఏడాదికి కోటి రూపాయల జీతం, హెచ్‌-1బి ఉద్యోగ వీసా గ్యారంటీ అని పెద్దక్షరాల్లో ఉంది. దాని వెనకే పిన్ని వాయిస్ మెసేజ్: "అమ్మాయ్, చిన్నదాన్ని కూడా నీలాగే పంపిద్దామనుకుంటున్నాం. మీ బాబాయి పొలం కాగితాలు తీసుకెళ్లి బ్యాంకులో కనుక్కొచ్చాడు. మూడేళ్లు పని చేసుకోనిస్తారంటగా, అప్పు తీరిపోతుందిలే."

చిన్నది అంటే మా పిన్ని కూతురు. నరసరావుపేటలో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది.

ఆ రాత్రి పిన్నితో గంటసేపు మాట్లాడాను. కానీ ఆ ప్రకటన చూసి పొలం కాగితాలు బయటికి తీసిన ఇల్లు మా పిన్నిది ఒక్కటే అయ్యుండదు. అందుకే మీకు రాస్తున్నాను.

మాది వినుకొండ దగ్గర పల్లె. నాన్న మిర్చి రైతు. గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఐసీయూలో పనిచేశాను. 2021 ఆగస్టులో ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద టెక్సాస్ వచ్చి, ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో మాస్టర్స్ చేశాను. ఇప్పుడు హెచ్‌-1బి మీద ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. చదువుకీ ఈ ఉద్యోగానికీ మధ్య గడిచిన ఏడాది గురించి ఏ ప్రకటనా చెప్పదు. నేను చెప్పాలనుకున్నది ఆ ఏడాది గురించే.

ముందు ఈ ఉద్యోగమేంటో చెబుతాను. మా ఊళ్లో ఇప్పటికీ "నర్సు మందులు రాయడమేంటి" అని అడుగుతారు. మన పల్లెల్లో విలేజ్ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు కూర్చుని బీపీ, షుగరు రోగులను చూస్తున్నారు కదా, దానికి పై మెట్టు అనుకోండి. రోగిని పరీక్షించడం, జబ్బు నిర్ధారించడం, మందులు రాయడం, అవసరమైతే స్పెషలిస్టు దగ్గరికి పంపడం అన్నీ మేమే చేస్తాం. 1965లో కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టిన చదువు ఇది. పల్లెల్లో పిల్లలకు వైద్యం అందక పుట్టిన ఆలోచన. అరిజోనా, న్యూమెక్సికో లాంటి రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్ సొంతంగా ప్రాక్టీస్ చేయొచ్చు. టెక్సాస్‌లో మందులు రాయాలంటే ఒక డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి.

ప్రకటనలో అంతా అబద్ధమే అనను. ఈ ఉద్యోగాలకు గిరాకీ ఉంది. 2023 నుంచి 2033 మధ్య 46 శాతం పెరుగుతాయని అమెరికా కార్మిక గణాంకాల విభాగమే అంచనా వేసింది. 2023లో మధ్యస్థ జీతం 1,26,260 డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూస్తే కోటి మాట కూడా తప్పు కాదు, కాకపోతే అది పన్నులు కట్టకముందు లెక్క. "మూడేళ్లు", "గ్యారంటీ" అన్న రెండు మాటలే కుటుంబాలను ముంచేవి.

ఎఫ్‌-1 మీద చదివిన ఎవరికైనా చదువయ్యాక పనిచేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి ఇస్తారు. అది పన్నెండు నెలలు. కంప్యూటర్లు, ఇంజినీరింగ్ వాళ్లకు స్టెమ్ అన్న జాబితా కింద మరో 24 నెలలు పొడిగిస్తారు. మూడేళ్లన్న మాట అక్కడి నుంచి వచ్చింది. నేను చదివిన ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ మాస్టర్స్ ఆ జాబితాలో లేదు. మన ఊళ్లలో అమెరికా వెళ్లిన ప్రతి ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఉంటాడు, అతని లెక్కనే అందరికీ వేస్తారు. నాకు కూడా మా ఊరి అబ్బాయే సలహా ఇచ్చాడు. మంచి మనసుతోనే చెప్పాడు, కానీ అతనికి తెలిసింది అతని దారి.

ఓపీటీ మొదలయ్యే తేదీని మనమే ఎంచుకోవాలి. కోర్సు ముగిసిన 60 రోజుల లోపు ఏ రోజైనా పెట్టుకోవచ్చు. నా కోర్సు 2023 మే 12న ముగిసింది. ఆలస్యం చేయొద్దన్నారని మే 15 అని రాశాను. జూలై 11 దాకా ఆగొచ్చని తెలిసినా, ఆగితే ఏం లాభమో అప్పుడు అర్థం కాలేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆఫర్ రాగానే పనిలో చేరిపోవచ్చు. మాకు అలా కుదరదు. కోర్సు పూర్తయ్యాక జాతీయ స్థాయి సర్టిఫికేషన్ పరీక్ష రాయాలి. డిగ్రీ పూర్తయినట్టు యూనివర్సిటీ చివరి ట్రాన్‌స్క్రిప్ట్ పంపితే గానీ ఆ సర్టిఫికెట్ చేతికి రాదు. అది వచ్చాక రాష్ట్ర నర్సింగ్ బోర్డు దగ్గర లైసెన్స్. ఆ తర్వాత ఉద్యోగం దొరికినా క్రెడెన్షియలింగ్ అని ఇంకొకటి ఉంటుంది. రోగుల ఇన్సూరెన్స్ కంపెనీలు ఒక్కొక్కటీ మన కాగితాలు చూసి, మన పేరు తమ జాబితాలో చేర్చుకోవాలి. అప్పటిదాకా మనం చూసిన రోగికి క్లినిక్ బిల్లు వేయలేదు, కాబట్టి మనల్ని కూర్చోబెట్టరు.

ఇవన్నీ నడుస్తుండగా ఓపీటీ గడియారం ఆగదు. పైగా ఆ పన్నెండు నెలల్లో ఉద్యోగం లేకుండా ఉన్న రోజులు మొత్తం 90 దాటకూడదు. శని, ఆదివారాలు కూడా అందులోకే. దాటితే స్టేటస్, అంటే దేశంలో ఉండే అర్హత, పోతుంది.

జూన్ మూడో వారంలో పరీక్ష పాసయ్యాను. లైసెన్స్ సెప్టెంబరులో వచ్చింది. ఈలోపు 90 రోజులు కరిగిపోతుంటే వంటగదిలో క్యాలెండరు మీద రోజుకో గీత గీసేదాన్ని. యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ఒక పెద్దావిడ దారి చూపించారు. జీతం లేకపోయినా పర్వాలేదు, చదివిన చదువుకు నేరుగా సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు చేస్తే ఉద్యోగం కిందే లెక్క. నాకు రిజిస్టర్డ్ నర్స్ లైసెన్స్ అప్పటికే ఉంది. డబ్బు తీసుకోకుండా పేదలకు వైద్యం చేసే ఒక ధర్మ క్లినిక్‌లో జూలై 24న వాలంటీరుగా చేరాను. అప్పటికి 70 రోజులు అయిపోయాయి. వారానికి 24 గంటలు బీపీలు చూడటం, షుగరు టెస్టులు, పుళ్లకు కట్లు. ఆ వివరాలు వెంటనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేశాను. ఆవిడకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఆగస్టులో ఒక చిన్న పట్నంలో ఫ్యామిలీ క్లినిక్ నుంచి ఆఫర్ వచ్చింది. క్రెడెన్షియలింగ్ పూర్తయి మొదటి రోగిని చూసింది డిసెంబరు 11న. అంటే పన్నెండు నెలల ఓపీటీలో నేను నర్స్ ప్రాక్టీషనర్‌గా పనిచేసి జీతం తీసుకున్నది ఐదు నెలలు. అంతవరకు ఇంటి అద్దెకు నాన్నే పంపాడు. కోల్డ్ స్టోరేజీలో ధర కోసం దాచిన మిర్చి టిక్కీలు, ధర రాకుండానే అమ్మేసి పంపాడు. నాకు ఆ సంగతి చెప్పలేదు, సంక్రాంతికి ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది.

ఇక హెచ్‌-1బి గ్యారంటీ సంగతి. ఏడాదికి లాటరీలో ఇచ్చేది 85 వేల వీసాలు. 2024 మార్చి లాటరీకి అర్హత ఉన్న రిజిస్ట్రేషన్లు 4,70,342. మా క్లినిక్ డాక్టరుగారు మంచి మనిషి, నా పేరు వేయించారు. రాలేదు. లాటరీకి గ్యారంటీ ఇవ్వగల మనిషి భూమ్మీద లేడు, ఇస్తానన్నవాడి దగ్గర డబ్బు కట్టకండి. మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగాలకైతే సాధారణంగా హెచ్‌-1బి వర్తించనే వర్తించదు. నర్స్ ప్రాక్టీషనర్‌కు మాస్టర్స్ తప్పనిసరి కాబట్టి అర్హత ఉంటుంది.

లాటరీతో పనిలేని దారి ఒకటుంది. యూనివర్సిటీలు, వాటితో అనుబంధం ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఏడాదిలో ఎప్పుడైనా హెచ్‌-1బి వేయొచ్చు, వాటికి ఆ 85 వేల పరిమితి లేదు. నేను మొదటి నుంచీ అలాంటి చోట్లే వెతకాల్సింది. ఆ మాట లాటరీ పోయాక తెలిసింది. అప్పటిదాకా కనిపించిన ప్రతి ఉద్యోగానికీ ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. "ఇప్పుడు గానీ, ముందు ముందు గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ కావాలా?" అన్న ప్రశ్నకు అవును అని నొక్కేదాన్ని. మర్నాటికల్లా మెయిల్ వచ్చేది, వేరే అభ్యర్థులను పరిశీలిస్తున్నామని. నలభై దాకా అలాంటివి వచ్చాయి.

చివరికి యూనివర్సిటీ అనుబంధ క్లినిక్ ఒకటి తీసుకుంది. అమ్మయ్య అనుకునేలోపు వాళ్ల లాయరు అడిగిన మాటకు కాళ్లు చల్లబడ్డాయి: "వీసాస్క్రీన్ సర్టిఫికెట్ ఉందా?" 1996 నాటి చట్టం ప్రకారం విదేశీ నర్సు హెచ్‌-1బికి గానీ గ్రీన్‌కార్డుకు గానీ వెళ్లాలంటే ఆ సర్టిఫికెట్ ఉండాలి. అమెరికాలో మాస్టర్స్ చేసినా సరే. ఓపీటీకి అది అక్కర్లేదు కాబట్టి నేను దాని జోలికే పోలేదు. దానికి ఇండియాలో చదివిన కాలేజీ నుంచి, రిజిస్ట్రేషన్ ఉన్న కౌన్సిల్ నుంచి కాగితాలు నేరుగా వెళ్లాలి. నా కాగితాలు ఒకచోట సంతకం లేదని ఒకసారి, సీలు సరిగా పడలేదని ఇంకోసారి వెనక్కొచ్చాయి. పల్నాడు ఎండల్లో మా తమ్ముడు బండి మీద ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. మే 14న ఓపీటీ అయిపోయింది. ఆ తర్వాత దేశంలో ఉండటానికి ఇచ్చే 60 రోజులు జూలై 13తో అయిపోతాయి. సర్టిఫికెట్ జూలై 1న వచ్చింది, 5న పిటిషన్ వేశారు. నెలాఖరుకు ఆమోదం వచ్చింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఓపీటీ తేదీని జూలై 11కి పెట్టుకుని ఉంటే, నాకు దాదాపు రెండు నెలలు కలిసొచ్చేవి.

పిన్ని ఇంకో మాట కూడా అడిగింది, నర్సులకు గ్రీన్‌కార్డు తేలికంటగా అని. నర్సుల కొరత ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్న షెడ్యూల్ ఏ అనే జాబితా కింద ఒక పెద్ద మెట్టు తగ్గే మాట నిజమే. కానీ ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ పదేళ్లకు పైనే ఉంది. మాతో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సులకు మాకంటే చాలా ముందు వస్తుంది. అలాగే జే-1 వీసా మీద శిక్షణకు వచ్చిన డాక్టర్లు రెండేళ్లు స్వదేశానికి వెళ్లి ఉండాలన్న షరతును, వెనకబడిన ప్రాంతాల్లో పనిచేస్తే మాఫీ చేసే పథకం ఉంది, నర్స్ ప్రాక్టీషనర్లకు అలాంటిది లేదు.

ఈ చదువుకు రావద్దని నేను అనను. నా దగ్గరికి వారం వారం షుగరు చూపించుకోవడానికి ఒక మెక్సికన్ అవ్వ వస్తుంది. నాకు స్పానిష్ అంతంతమాత్రం. అయినా నా చెయ్యి పట్టుకుని తన ఇంటి సంగతులన్నీ చెబుతుంది. పది దాటి ఉండే ఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) ఏడుకు దిగిన రోజు ఇద్దరం ఏడ్చాం. అది వదులుకోమని మా చిన్నదానికి ఎలా చెబుతాను? తెలుసుకుని రమ్మంటున్నాను. ఇండియాలో ఉండగానే ఎన్‌క్లెక్స్, అంటే అమెరికా నర్సు లైసెన్స్ పరీక్ష, రాసి రమ్మంటున్నాను. అప్పుతో విమానం ఎక్కేముందు ఐసీయూలో రెండేళ్లు పనిచేయమంటున్నాను, ఎందుకంటే ఇక్కడ చాలా కాలేజీలు అనుభవం అడుగుతాయి, ఎఫ్‌-1 మీద వచ్చాక బయట నర్సుగా పనిచేసి ఆ అనుభవం తెచ్చుకునే వీల్లేదు. ఈ కోర్సులు చాలావరకు ఆన్‌లైన్, ఎఫ్‌-1 వాళ్లకు ఒక సెమిస్టరులో ఒక్క ఆన్‌లైన్ క్లాసు మించి లెక్కలోకి రాదు. కాలేజీ ఎంచుకునేటప్పుడే అది చూసుకోవాలి. 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల హెచ్‌-1బి రుసుము అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకు వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. దేశం దాటితే ఆ మినహాయింపు పోవచ్చు, కాబట్టి దరఖాస్తు నడుస్తుండగా పెళ్లిళ్లకో పండగలకో ఇంటికి బయల్దేరేముందు లాయర్ని అడగాలి.

మీకు నా మనవి రెండు ముక్కల్లో. ఇలాంటి ప్రకటన వేసేముందు, ఏ కోర్సుకు మూడేళ్లు ఇస్తారో ఆధారం చూపించమని ఆ కన్సల్టెన్సీని అడగండి. మీ విద్యా పేజీలో ఒక్కసారైనా నర్సింగ్ ఓపీటీ గురించి విడిగా రాయండి, సాఫ్ట్‌వేర్ వాళ్ల గురించి వారం వారం రాస్తున్నారు. మన నర్సింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు కూడా ఒక మాట: విదేశాల నుంచి వచ్చిన ఆ ఫారాలను బల్ల మీద నెల రోజులు ఉంచకండి, వాటి అవతల ఎవరో ఒక అమ్మాయి రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. తానా, ఆటా లాంటి సంఘాలు తమ సభల్లో నర్సులకూ ఒక సలహా కౌంటర్ పెడితే, నాలాంటి వాళ్లం వచ్చి కూర్చోవడానికి సిద్ధం.

బాబాయి పొలం కాగితాలు మళ్లీ బీరువాలో పెట్టాడట. చిన్నది గుంటూరులో ఐసీయూ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఆ ప్రకటన మాత్రం పోయిన ఆదివారం కూడా వచ్చిందని పిన్ని చెప్పింది. ఆమె పంపిన ఫొటో ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను.

నా ఇమిగ్రేషన్ వ్యవహారాలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
టెక్సాస్, అమెరికా
(స్వస్థలం: వినుకొండ మండలం, పల్నాడు జిల్లా)