ఆ బెల్టు రెండోసారి ఎందుకు తెగిందంటే

మా షెడ్డుకు బండి ఇచ్చే అందరికీ నమస్కారం.

మా దగ్గర ఫ్యాన్ బెల్టు మార్పించుకున్న ఒక కారు సరిగ్గా 19 రోజులకు అదే బెల్టు తెగి, టోయింగ్ బండి వెనక వేలాడుతూ మళ్ళీ మా గుమ్మం ముందుకే వచ్చింది. వేసింది మంచి బెల్టే, సైజు కూడా సరైనదే. చూడాల్సింది చూడకుండా వేశాం. ఈ మాట మీకు ఇంకెవరో చెప్పేలోపు నేనే చెబుదామని రాస్తున్నాను.

చాలామంది ఇప్పటికీ ఫ్యాన్ బెల్టు అనే పిలుస్తారు గానీ, ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి ఫ్యాన్ కరెంటు మోటారు మీద తిరుగుతుంది. ఈ బెల్టు ఇంజిన్ తిప్పే క్రాంక్ పుల్లీ నుంచి బలం తీసుకుని, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నీ ఏసీ కంప్రెసర్‌నీ తిప్పుతుంది. కొన్ని బండ్లలో పవర్ స్టీరింగ్ పంపు, వాటర్ పంపు కూడా దీని మీదే. తెగగానే బ్యాటరీ లైటు వెలుగుతుంది, హైడ్రాలిక్ స్టీరింగ్ అయితే బిగుసుకుపోతుంది. వాటర్ పంపు కూడా దీనిదే అయితే టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. అప్పుడు ఇంకొక్క కిలోమీటరే కదా అని నడిపితే ఇంజిన్ పై భాగాన్ని సీలు చేసే హెడ్ గాస్కెట్‌కి ఎసరు పెట్టుకున్నట్టే.

మొదటిసారి ఆ బండి వచ్చినప్పుడు మీటరు 1,10,000 కిలోమీటర్లు చూపిస్తోంది. బెల్టు ఎప్పుడూ మార్చినట్టు గుర్తులేదని యజమాని అన్నారు. ఇంకేముంది, వయసైపోయి తెగింది అనుకున్నాం. శనివారం సాయంత్రం, బయట ఇంకో నాలుగు బండ్లు ఉన్నాయి. అరగంటలో కొత్తది ఎక్కించి పంపేశాం.

పదో రోజున ఆయన ఫోన్ చేశారు. "ముందు వైపు నుంచి పిచ్చుక అరిచినట్టు కిచకిచమంటోందండీ" అన్నారు. "కొత్త బెల్టు కదండీ, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నాను. అన్నది నేనే, మా కుర్రాళ్ళు కాదు. కొత్త బెల్టు అలా అరవకూడదు. ఆ రోజే రమ్మని, బెల్టు లోపలి వైపు పొడుగునా ఉండే గట్ల మీద కాసిని నీళ్ళు చల్లి ఉంటే సగం సంగతి తెలిసిపోయేది. నీళ్ళు పడగానే చప్పుడు ఆగి, ఆరాక మళ్ళీ మొదలైతే పుల్లీలు ఒక వరసలో లేవని అనుమానించాలి. చప్పుడు ఇంకా పెరిగితే టెన్షన్ చాలక బెల్టు జారుతోందన్నమాట. (ఇది మీరు ఇంట్లో చేయకండి. తిరుగుతున్న బెల్టు దగ్గర చెయ్యి పెట్టే పని మాకే భయం.)

రెండోసారి తెగిన ముక్కను బల్ల మీద పరిచి చూశాం. దాని మీద 6పీకే1750 అని ఉంది, అంటే 6 గట్లు, 1,750 మిల్లీమీటర్ల పొడవు. బయటి అంచు కొత్తదానిలాగే నున్నగా ఉంది. ఇంజిన్ వైపు అంచు మాత్రం నులక తాడు విప్పినట్టు పోగులు పోగులుగా లేచిపోయింది, ఆ చివరి గట్టు సగం దూరం ఊడిపోయింది. నూనె తగిలి ఉంటే ఉబ్బి మెత్తబడేది. ఏదైనా బేరింగ్ జామ్ అయి ఉంటే కాలిన వాసన వచ్చి, వీపు అద్దంలా మెరిసేది. అవేవీ లేవు. ఒక్క అంచే అరిగిందంటే బెల్టును ఎవరో పక్కకు లాగుతున్నారు.

బెల్టును దారిలో పెట్టే ఐడ్లర్ చక్రం చేత్తో తిప్పితే నున్నగా తిరిగింది, గరగర లేదు. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ చెయ్యి లాగి వదిలితే చక్కగా వెనక్కి వచ్చింది. ఈ బండిలో ఆల్టర్నేటర్ పుల్లీలో క్లచ్ ఉంటుంది, ఒకవైపు వదులుగా తిరిగి రెండోవైపు పట్టుకోవాలి, అదీ బాగానే ఉంది. చివరికి స్టీలు స్కేలు అన్ని పుల్లీల మీదా ఆనించి చూస్తే క్రాంక్ పుల్లీ దగ్గర సందు కనబడింది. దాదాపు ఒక గట్టు వెడల్పు, 3 మిల్లీమీటర్ల పైనే, లోపలికి జరిగి ఉంది.

క్రాంక్ పుల్లీ చూడ్డానికి ఒకే ముద్దలా ఉంటుంది. చాలా బండ్లలో అది లోపల ఒక చక్రం, బయట ఒక రింగు, మధ్యలో ఇంజిన్ అదురు మింగడానికి రబ్బరు. ఆ రబ్బరు పట్టు వదిలితే బయటి రింగు తన ఇష్టం వచ్చినట్టు జరుగుతుంది. మా కుర్రాడు చక్రం నుంచి రింగు మీదకు సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీశాడు. ఇంకో బెల్టు ఎక్కించి, ఏసీ వేసి పది నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపాం. గీత రెండు ముక్కలైంది, మధ్యలో బొటనవేలు వెడల్పు దూరం. "అన్నా, దొంగ దొరికాడు" అన్నాడు వాడు.

నేను వెనక తుక్కు డ్రమ్ములో వెతికి మొదటిసారి తెగిన బెల్టు తీశాను. రెండూ పక్కపక్కన పెడితే అదే అంచు, అవే పోగులు. మొదటి రోజే అది మా చేతిలో ఉంది.

ఇంకొకటి కూడా భయపెట్టింది. ఇంజిన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు మీది కవర్ కింది భాగం విప్పితే జానెడు పోగు లోపలికి దూరి ఉంది. అది టైమింగ్ బెల్టు పళ్ళలో పడి ఉంటే వాల్వులు వంగి ఇంజిన్ పని పట్టేది.

రెండోసారి వేసిన బెల్టు, టోయింగ్ ఖర్చు మేమే పెట్టుకున్నాం. పుల్లీ డబ్బు ఆయన ఇచ్చారు. మొదటి రోజే చెప్పి ఉంటే ఆయనకు ఒక్క ఖర్చుతో పోయేది.

ఇకమీద అన్ని పుల్లీలూ చేత్తో తిప్పి, స్కేలు పెట్టి చూడకుండా మా దగ్గర బెల్టు ఎక్కదు. దీనికి గంట ఎక్కువ పడుతుంది, ఆ గంటకు మీరు విసుక్కున్నా సరే. పాత బెల్టు మీ చేతికిచ్చి, ఎందుకు పోయిందో చూపిస్తాం. "పగుళ్ళు లేవు కదా, బాగానే ఉంది" అనే మాట కూడా మానేస్తున్నాం. ఇప్పటి బెల్టుల్లో వాడే ఈపీడీఎం అనే రకం రబ్బరు పాతవాటిలా తొందరగా పగలదు, టైరులా అరుగుతుంది. అందుకని గట్ల మధ్య గాడి లోతే చూస్తాం.

గత ఆరు నెలల్లో మా దగ్గర ఈ బెల్టు మార్పించుకున్నవాళ్ళు ఒకసారి బండి తీసుకురండి, ఊరికే చూసి పంపిస్తాం. కిచకిచమంటున్న బండి అయితే ఈ వారమే రండి. దారిలో తెగితే మాత్రం ముక్కలు పారేయకండి, చిన్న పోగులతో సహా ఒక కవర్లో వేసుకుని తీసుకురండి. ఎంత దొరికిందో కొలిస్తేనే ఎంత లోపల ఉండిపోయిందో మాకు తెలుస్తుంది.